కరక్కాయతో తుప్పు నల్లబడుతుంది, ముందు ఉప్పు కడగాలి

ఈ మధ్య మా వైపు రొయ్యల చెరువుల దగ్గరికి కొత్తరకం సీసాలు వస్తున్నాయి. ఆకుపచ్చ లేబులు, దాని మీద వేపాకు బొమ్మ. చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్ ఫ్రేముకైనా, మోటారు షెడ్డుకైనా, ఇంటి గేటుకైనా ఒక్క పూత వేస్తే చాలు, ఏళ్ల తరబడి తుప్పు రాదని అమ్మేవాళ్లు చెబుతున్నారు. కొన్నవాళ్లలో చాలామందికి డబ్బులు పోయాయి. ఇప్పుడు వాళ్లనే మాట ఒకటే: "ఆకులతో ఇనుము ఆగుతుందా అండీ, అంతా మోసం." సీసాలు అమ్మినవాళ్ల కంటే ఈ మాటే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. ఎందుకంటే మొక్కల్లో ఉండే పదార్థాలు ఇనుమును కాపాడతాయన్నది నిజం. ఏ మొక్క ఏ పనికి, ఎక్కడ, దేని తర్వాత వాడాలి అన్నది చెప్పకుండా అమ్మడం వల్ల నిజమైన విద్య కాస్తా చెడ్డపేరు మోస్తోంది.

కోనసీమలో రాజోలు దగ్గర మాది గ్రిల్సు, గేట్లు, రేకుల షెడ్లు చేసే షాపు. తుప్పు నాకు పుస్తకంలో చదివిన విషయం కాదు. మేం చేసి పంపిన గేటు మళ్లీ మా షాపుకే వస్తుంది, కింది పట్టీ తినేసి, మడతబందులు బిగుసుకుపోయి. అందుకే ఈ వ్యాసం కాస్త పొడుగైనా రాస్తున్నాను.

ముందు మన గాలి సంగతి. ఇనుము తుప్పు పట్టడానికి నీళ్లూ, ఆక్సిజనూ చాలు. ఆ లెక్కన హైదరాబాదులోనూ పడుతుంది. కానీ అక్కడ ఎండాకాలం మధ్యాహ్నం ఇనుము పూర్తిగా ఆరిపోతుంది, తుప్పు పని కూడా ఆగిపోతుంది. మన దగ్గర ఆ విరామం లేదు. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పులో మనం కూరలో వేసుకునే సోడియం క్లోరైడ్‌తో పాటు మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాకా ఉంటేనే కరుగుతుంది. మెగ్నీషియం క్లోరైడ్‌కి 33 శాతం చాలు, గాలిలోంచి నీళ్లు లాగేసుకుంటుంది. కోనసీమలో గాలి 33 శాతం కంటే పొడిగా ఉండే రోజులు ఎన్ని? అంతర్వేదిలో గానీ, ఓడలరేవులో గానీ ఎర్రటి ఎండలో నిలబడి ఉన్న గేటు చేతికి పొడిగానే తగులుతుంది. దాని మీద కంటికి ఆనని ఉప్పునీటి పొర ఒకటి మాత్రం ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. ఉప్పులోని క్లోరైడ్ ఖర్చయిపోదు. తుప్పు అడుగున ఇనుముతో కలుస్తుంది, నీటితో చేరి అక్కడే ఆమ్లం పుట్టిస్తుంది, మళ్లీ విడిపోయి పక్కనున్న ఇనుము మీద పడుతుంది. చిటికెడు ఉప్పు పైన రంగు వేసి కప్పేస్తే ఆ చిటికెడే లోపల కూర్చుని పని చేసుకుంటూ పోతుంది. రంగు బాగానే ఉంది, లోపల ఇనుము పోయింది అని జనం ఆశ్చర్యపడేది ఇందుకే.

ఒకే నది మీద తేడా చూడండి. రాజమండ్రి హేవలాక్ వంతెన మీద 1900లో రైళ్లు మొదలయ్యాయి, 1997 దాకా నడిచాయి. అంత కాలం ఆ ఉక్కు దూలాలు బండ్లు మోశాయి. అక్కడ నది తియ్యనిది, సముద్రం దూరం, మనుషులు క్రమం తప్పకుండా గోకి రంగు వేశారు. అదే గోదావరి సముద్రంలో కలిసే చోట కిటికీ ఊచ ఐదారేళ్లకే పెచ్చులుగా లేస్తుంది. ఇప్పుడు చెరువుల పుణ్యమా అని ఉప్పు ఇంకా లోపలికి వచ్చింది. ఏరియేటర్లు రాత్రంతా ఉప్పునీటిని తుంపరగా గాలిలోకి కొడుతుంటే, ఒకప్పుడు వరి మాత్రమే పండిన ఊళ్లలో కూడా కరెంటు మీటరు పెట్టె నుంచి ట్రాక్టరు తొట్టి దాకా తుప్పే.

ఇక మొక్కల దగ్గరికి వద్దాం. నాకు బాగా నమ్మకం ఉన్నది కరక్కాయ. కరక్కాయలో, తుమ్మ బెరడులో, తంగేడు చెక్కలో టానిన్లు అనే వగరు పదార్థాలు దండిగా ఉంటాయి. తోలు ఊనడానికి వాడేది వాటినే. ఈ టానిన్ తుప్పులోని ఇనుముతో కలిస్తే నీటిలో సులువుగా కరగని నీలి నలుపు పదార్థం అవుతుంది. పెడన కలంకారీ పనివాళ్లకు ఇది తరతరాలుగా తెలుసు. బట్టను ముందు కరక్కాయలో తడిపి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన నీళ్లతో ఆ బట్ట మీద అచ్చులు అద్దుతారు. అద్దిన చోట నల్లగా తేలుతుంది, ఉతికినా పోదు. ఆ నలుపే తుప్పు మీద కూడా పుడుతుంది, అంతే. (కోరంగి మడచెట్ల బెరడులోనూ టానిన్ బోలెడు. దాని జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. తుపానుకు అడ్డం నిలబడే చెట్టును గేటు కోసం చెక్కడం తప్పు.)

మా షాపులో ఇది చేసి చూడటం కష్టమేమీ కాలేదు. కరక్కాయ పొడి నీళ్లలో నానేసి, మరిగించి, గుడ్డతో వడగట్టాం. తుప్పుపట్టిన ఇనుప పట్టీ ముక్కను వైర్ బ్రష్‌తో గోకి, ఆ కషాయం కుంచెతో రాశాం. కుంచె నడిచిన దారిలోనే ఎరుపు ముదిరి గోధుమరంగు అయింది, కాసేపటికి అంచుల నుంచి నీలం తిరిగింది, మర్నాటికి మొత్తం నల్లగా అయింది. అంతకు ముందు వేలితో రుద్దితే ఎర్రపొడి అంటేది, ఇప్పుడు అంటడం లేదు. తుప్పు పలచగా, గట్టిగా అతుక్కుని ఉన్న చోట పని అంత చక్కగా జరిగింది. వెల్డింగు పక్కన పెచ్చు కట్టిన చోట మాత్రం స్క్రూడ్రైవర్ మొన పెట్టి లేపితే పైన నలుపు, కింద అదే ఎర్ర తుప్పు. కషాయం అంత లోతుకు దిగదు. పెచ్చు ఊడే దాకా గోకడం మనిషి చేయాల్సిన పని, ఏ ఆకూ చేసిపెట్టదు.

అసలు తేడా తెచ్చింది కడగడం. చెరువు గట్టు మీద చాలాకాలం పడున్న ముక్కలను రెండు వాటాలు చేశాం. ఒక వాటాను గోకి నేరుగా కషాయం రాశాం. రెండో వాటాను గోకి, మంచినీళ్లతో బాగా రుద్ది కడిగి, ఎండలో ఆరబెట్టి, అప్పుడు రాశాం. మా పెయింటర్ బాబాయ్ ఒప్పుకోలేదు.

"ఇనుమును నీళ్లతో కడగడమేంటి బాబూ, ఉన్న తుప్పు చాలదా?"

"గోకితే తుప్పు పోద్ది బాబాయ్, ఉప్పు పోదు కదా."

"రంగేస్తే ఆ ఉప్పు కూడా లోపలే చస్తది."

చావలేదు. రెండు వాటాలకూ ఒకే ప్రైమరు, ఒకే రంగు వేసి చెరువు కంచెకు కట్టాం. కడగని ముక్కల మీద ఆ వానాకాలంలోనే వెల్డింగు అంచుల నుంచి గోధుమరంగు చారలు దిగాయి. కడిగినవాటి మీద రాలేదు. ఇప్పుడు బాబాయే కుర్రాళ్లను నీళ్ల బకెట్టు తెమ్మంటున్నాడు.

తుప్పు మీద టానిన్ వాడటం కొత్త సంగతేమీ కాదు. ఆవిరి ఇంజన్ల కాలంలో బాయిలరు నీటిలో టానిన్ కలిపేవాళ్లు. మ్యూజియాల్లో పాత ఇనుప వస్తువులను భద్రపరిచేవాళ్లు ఇప్పటికీ టానిక్ ఆమ్లం పూస్తారు. బజారులో దొరికే రస్ట్ కన్వర్టర్లు చాలావాటిలో ఉండేది కూడా టానిక్ ఆమ్లమే, తోడుగా ఫాస్ఫారిక్ ఆమ్లం, ఏదో ఒక పాలిమరు ఉంటాయి. ఆ నలుపు పొర మీద తప్పనిసరిగా ప్రైమరు, పైన రంగు పడాలి. అది రంగు కింద పరుపు మాత్రమే, తనంతట తాను వానకు ఆగదు.

మరి సీసా మీద వేపాకు బొమ్మ ఎక్కడి నుంచి వచ్చింది? అది పూర్తిగా కల్పితం కాదు. గోరింటాకు, వేప, నేలవేము, ఉల్లి తొక్క, అరటి తొక్క, ఇలా ఎన్నో మొక్కల రసాలు ఉక్కును కాపాడతాయని పరిశోధన పత్రాలు బోలెడు వచ్చాయి. 90 శాతం రక్షణ అని కూడా వాటిలో కనిపిస్తుంది. ఆ అంకెనే తెచ్చి లేబులు మీద అచ్చేస్తారు. పత్రంలో ఆ అంకె పక్కనే ఉన్న వాక్యం మాత్రం వదిలేస్తారు: చాలావరకు ఆ పరీక్షలు హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనో సల్ఫ్యూరిక్ ఆమ్లంలోనో ఉక్కు ముక్కను కొన్ని గంటలు ముంచి చేసినవి. ఉక్కు మిల్లుల్లో పైపొరను ఆమ్లంతో కరిగిస్తారు, బాయిలరు గొట్టాల్లో గార తీయడానికి కూడా ఆమ్లం వాడతారు. ఆ ఆమ్లం గారతో ఆగకుండా ఉక్కును కూడా తినేయకుండా చూడాలి. గోరింటాకు రసం అక్కడ నిజంగా పనికొస్తుంది. ఆ పరిశోధనలు అబద్ధమని నేను అనను. మన గేటు ఆమ్లపు తొట్టిలో లేదు, ఉప్పు గాలిలో ఉంది, అంతే తేడా.

ఆ తేడా ఎందుకంత పెద్దదో చెప్పాలి. ఆకు రసంలోని అణువులు ఇనుము ఉపరితలాన్ని పట్టుకుని కూర్చుంటాయి, ఆమ్లాన్ని దగ్గరికి రానివ్వవు. కానీ శాశ్వతంగా కూర్చోవు. అంతర్వేది రథోత్సవంలో తాడు పట్టుకున్న చేతుల్లాగా ఒకటి వదిలితే వెనకున్న జనంలోంచి ఇంకోటి వచ్చి పట్టుకుంటుంది. తొట్టిలో ఆ జనం ఉంది, రసం నిండా అణువులే. గేటు మీద ఒకసారి పూసిన పూతకు వెనక జనం లేదు. మొదటి వాన కడిగేస్తే మళ్లీ వచ్చి పట్టేది ఏదీ ఉండదు. కాబట్టి మొక్క పదార్థం ఆరుబయట నిలబడాలంటే, దాన్ని పట్టి ఉంచే రంగు కావాలి, లేదా ఆ పదార్థమే రంగుగా మారాలి. ఆకు రసం సీసా ఈ రెండూ చేయదు.

ఇంత కష్టం ఎందుకు, ఉన్న రెడ్ ఆక్సైడ్ ప్రైమరు కొడితే పోదా అని అడుగుతారు. నేను మొక్కల వైపు నిలబడటానికి అసలు కారణం ఇక్కడుంది. హేవలాక్ వంతెన కాలంలో రైలు వంతెనలకు వేసే ప్రైమరు అంటే సీసం (లెడ్) అనే లోహంతో చేసిన సింధూరం, అవిసె నూనె. అవిసె నూనె మొక్కదే, గాలికి గట్టిపడి పొరగా మారే నూనె అది. రక్షణలో సగం పని దానిదే. మిగతా సగం ఆ లోహానిది, అది విషం. తర్వాత వచ్చిన రెడ్ ఆక్సైడ్ ప్రైమరుకు మన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2074. దాని పేరులోనే రెడ్ ఆక్సైడ్‌తో పాటు జింక్ క్రోమ్ ఉంది. జింక్ క్రోమ్ అంటే జింక్ క్రోమేటు, అందులో ఉండే ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సరు కారకం. తుప్పును బాగా ఆపుతుంది, అందులో అనుమానం లేదు. దాన్ని గీకే మనిషి ఊపిరితిత్తుల్లోకి కూడా అంత బాగానే వెళుతుంది. ఇంటి రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదని 2016లో నిబంధన వచ్చింది, 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అది ఇళ్లకు, అలంకరణకు వాడే రంగులకే. పారిశ్రామిక రంగులు దాని పరిధిలోకి రావు.

డెల్టాలో ఇది మామూలు విషయం కాదు. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు. అక్కడి నుంచి సముద్రం దాకా కాలువల మీద లాకులు, షట్టర్లు, తూములు. వేసవిలో కాలువలు కట్టేశాక క్లోజర్ పనులు జరుగుతాయి. ఎండిన కాలువలో నిచ్చెన వేసుకుని షట్టరు గీకుతుంటే పాత రంగు పొడి ఎక్కడ పడుతుంది? కాలువ అడుగునే. మళ్లీ నీళ్లు వదలగానే ఆ నీరే పొలానికి, చెరువుకు, ఊరి మంచినీళ్ల ట్యాంకుకు వెళుతుంది. లొల్ల లాకుల దగ్గర నిలబడి చూసినవాళ్లెవరికైనా తెలుసు, ఇక్కడ కాలువకూ నోటికీ మధ్య దూరం ఎంత తక్కువో. అలాంటి చోట సీసమూ క్రోమేటూ లేని ప్రైమరు కావాలని అడగడం పర్యావరణ ప్రేమికుల ముచ్చట కాదు. గీకే కూలీ, తాగే పిల్లలు, ఇద్దరి ఆరోగ్యమూ అది.

ఇక్కడే మన చేతిలో ఉన్న అసలు సరుకు గురించి చెప్పాలి. మోరి జీడిపప్పు పేరు అందరికీ తెలుసు. పప్పు తీశాక మిగిలే పెంకును ఎవరూ పట్టించుకోరు. ఆ పెంకు బరువులో దాదాపు పావు వంతు నూనె ఉంటుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లను అడగండి ఆ నూనె ఎంత ఘాటో. చర్మం బొబ్బలెక్కి ఊడుతుంది, బూడిదో ఆముదమో రాసుకుని పని చేస్తారు. చేతిని కాల్చేది అందులోని అనకార్డిక్ ఆమ్లం, దాని బంధువులు. నూనెను వేడి చేస్తే ఆ ఆమ్లం కార్డనాల్ అనే పదార్థంగా మారుతుంది. దీని అణువు చూస్తే ముచ్చటేస్తుంది: ఒక వైపు ఇనుముతో, రెసిన్‌తో కలిసే ఫినాల్ తల, ఇంకో వైపు నీటిని దగ్గరికి రానివ్వని పొడవాటి నూనె తోక. దీనితో ఫినాల్కమీన్ అనే గట్టిపరిచే పదార్థం తయారుచేసి ఎపాక్సీ రంగుల్లో (రెసిన్‌నూ గట్టిపరిచే పదార్థాన్నీ కలిపితే బిగిసే రంగులు) కలుపుతారు. మామూలు ఎపాక్సీలు చెమ్మ ఉన్న చోట సరిగా గట్టిపడక మొరాయిస్తాయి. ఇది చెమ్మగా ఉన్న ఉక్కు మీద కూడా పట్టుకుంటుంది, చలిలో కూడా గట్టిపడుతుంది. ఓడల అడుగు ట్యాంకుల్లో, రేవు కట్టడాల్లో ఈ రంగులు వాడుతున్నారు.

చెమ్మ ఆరని డెల్టాకు ఇంతకంటే తగిన మొక్క పదార్థం నాకు తెలియదు. ఇది నూటికి నూరు పాళ్లు సహజం అని నేను చెప్పను. తయారీలో ఫార్మాల్డిహైడ్, అమీన్లు వాడతారు, ఎపాక్సీ రెసిన్ ఎక్కువగా పెట్రోలియం నుంచే వస్తుంది, కలిపేటప్పుడు చేతులకు గ్లవుజులు ఉండాలి. అయినా క్రోమేటు లేకుండా ఉప్పు గాలిలో ఏళ్ల తరబడి నిలబడే రంగులో ఒక వాటా జీడి పెంకుది కావడం చిన్న విషయమా? పచ్చి ఆకు రసం అమ్మేవాడి దగ్గర లేనిది ఇదే. మొక్క నుంచి తీసినదాన్ని శుద్ధి చేసి, మార్చి, పొరగా నిలబడేలా చేసే పరిశ్రమ.

గ్యాస్ పైపుల్లో కూడా మొక్కల వాటా ఉందంటే చాలామంది నమ్మరు. పైపు లోపలి తుప్పును ఆపడానికి పంపే ఇమిడజోలిన్ అనే మందులను తరచుగా పైన్ కలపను కాగితపు గుజ్జుగా చేసేటప్పుడు వచ్చే కొవ్వు ఆమ్లాలతోనే తయారుచేస్తారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మా కోనసీమలోని నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపు పగిలి మంటల్లో ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. పొడి గ్యాసు పోవాల్సిన పైపులో నీటితో కలిసిన తడి గ్యాసు పోవడం, లోపలి నుంచి తుప్పు తినేయడం అప్పటి విచారణలో బయటికొచ్చాయి. ఆ రోజును చూసిన ఊళ్లవాళ్లం తుప్పు గురించి మాట్లాడేటప్పుడు మాకు అదే గుర్తుకొస్తుంది. ఏ మందూ నీళ్లు తీసేయడానికీ, పైపు శుభ్రం చేయడానికీ, గోడ మందం కొలవడానికీ బదులు కాదు.

ఇల్లు కట్టేవాళ్లకు ఒక్కమాట. కాంక్రీటులో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపమని చెప్పేవాళ్లు బయల్దేరారు. పాతకాలపు సున్నం పని వేరు, దాంట్లో ఉక్కు లేదు. సిమెంటులో చక్కెరా టానినూ పడితే గట్టిపడటం ఆలస్యమవుతుంది. కాంక్రీటులో చువ్వను కాపాడేది సిమెంటు క్షారమే, దాన్ని చెడగొట్టేది క్లోరైడ్. ఉక్కు ఉన్న కాంక్రీటుకు కలిపే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతుంది. సముద్రపు నీటిలో అది 19,000 దాకా ఉంటుంది. మన బోరు నీళ్లు ఆ రెండింటి మధ్య ఎక్కడున్నాయో పరీక్ష చేయించకుండా స్లాబు పోయకండి. తీరపు గాలికి చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే దాన్ని కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. మేస్త్రి ఇరవై చాలంటే ఒప్పుకోకండి.

గేట్లకు మా షాపులో ఇప్పుడు పాటించే క్రమం ఇది. పెచ్చు పోయే దాకా గోకడం, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టడం, మిగిలిన పలచటి తుప్పుకు టానిన్ పూత, మర్నాడు ఒకసారి తుడిచి క్రోమేటు లేని ఎపాక్సీ ప్రైమరు, దాని మీద రంగు. డబ్బా కొనేటప్పుడు డేటాషీటు అడుగుతాను. హార్డెనర్ (గట్టిపరిచే పదార్థం) దగ్గర ఫినాల్కమీన్ అని ఉంటే అదే తీసుకుంటాను. ఆకుపచ్చ సీసాలవాళ్లు వస్తే నేను వేసే ప్రశ్న ఒకటే: ఈ పరీక్ష ఆమ్లంలో చేశారా, ఉప్పు తుంపరలో చేశారా, ఎన్ని గంటలు? ఇంతవరకు జవాబు చెప్పినవాళ్లు లేరు.

ఇక నీటిపారుదల ఇంజనీర్లకూ, మన జిల్లాల పాలిటెక్నిక్ కాలేజీల మెకానికల్ మాస్టార్లకూ నా విన్నపం. వచ్చే వేసవి క్లోజర్‌లో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఏదో ఒక మురుగు కాలువ మీద పక్కపక్కనే ఉన్న రెండు షట్టర్లు తీసుకోండి. రెండింటినీ ఒకేలా గోకి, కడిగి, ఒకదానికి ఇప్పుడు వాడుతున్న ప్రైమరు, రెండోదానికి జీడి పెంకు నూనెతో చేసిన ఎపాక్సీ వేయించండి. ఏ రోజు ఏం వేశారో షట్టరు మీదే తెల్లరంగుతో రాయించండి, దారిన పోయే రైతు కూడా చదివేలా. మా షాపు నుంచి మనుషులను, వైర్ బ్రష్‌లను నేను పంపిస్తాను.